చిరునామా దొరకని కంప్యూటర్

నెట్ రాకపోతే కంప్యూటర్ పాడైనట్టేనా? ఫార్మాట్ కొట్టించే ముందు ఒక్క నంబరు చూడండి. తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది!

కల్వకుర్తిలో ఒక ఇల్లు అనుకుందాం. కింద కిరాణా దుకాణం, పైన కాపురం. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం గాలి, వాన. దుకాణంలో కిటికీ పక్కనున్న బల్ల తడుస్తుంటే గబగబా లోపలికి జరిపారు. కరెంటు పోయి మళ్లీ వచ్చింది. పైన అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని కాగితం మీద వరసగా రాసుకుని సిద్ధంగా ఉంది. తీరా చూస్తే పేజీ తెరుచుకోవట్లేదు.

‘‘నాయనా, నెట్ వస్తలేదు!’’

‘‘మొన్ననే పైసలు కడితిమి గద బిడ్డా...’’

తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే క్షణంలో తేల్చేశాడు. ‘‘విండోస్ పోయినట్టుందన్నా, ఫార్మాట్ గొట్టాలె. సీపీయూ తీస్కరా!’’ ఆ పెట్టెలో పిల్లల చిన్నప్పటి ఫొటోలున్నాయి. సర్టిఫికెట్ల స్కానింగులున్నాయి. దుకాణం ఉద్దెర లెక్కలున్నాయి. సరిగా దాచకుండా ఫార్మాట్ చేస్తే అవన్నీ పోయే ప్రమాదం ఉంది. పైగా గడువు సాయంత్రమే!

ఇలాంటి చిక్కు ఏదో ఒక రోజు కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంటికీ వస్తుంది. చాలాసార్లు కంప్యూటర్‌లో తప్పేమీ ఉండదు. దానికి చిరునామా దొరకలేదు, అంతే!

ముందు నంబరు చూడాలి

ఉత్తరం చేరాలంటే ఇంటి నంబరు కావాలి. నెట్‌లో అడిగిన పేజీ తిరిగి మన కంప్యూటర్‌కే చేరాలన్నా అంతే. ఆ నంబరునే ఐపీ అడ్రస్ అంటారు. మధ్యలో చుక్కలతో నాలుగు అంకెల ముక్కలుగా ఉంటుంది.

దాన్ని చూడడం తేలికే. విండోస్‌లో వెతికే గడిలో సి, ఎం, డి అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్లటి విండో ఒకటి వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని, అంటే ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అక్షరాలను ఖాళీ వదలకుండా టైపు చేసి ఎంటర్ కొట్టాలి. జాబితా పొడుగ్గా కనిపిస్తుంది. కంగారు వద్దు. వైరుతో నెట్ వాడేవాళ్లు ‘ఈథర్‌నెట్’ అన్న చోట, వైఫై వాడేవాళ్లు ‘వైఫై’ అన్న చోట మాత్రమే చూడాలి. అక్కడ మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

ఒకటి: 192.168తో మొదలయ్యే నంబరు. కొన్ని ఇళ్లలో 10తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు ఉన్న వాటితో గానీ మొదలవుతుంది. అంటే చాలావరకు చిరునామా దొరికినట్టే. తప్పు ఇంకెక్కడో ఉంది.

రెండు: 169.254తో మొదలయ్యే నంబరు. అంటే కంప్యూటర్ చిరునామా కోసం అడిగింది, ఎవరూ పలకలేదు.

మూడు: ‘మీడియా డిస్‌కనెక్టెడ్’ అన్న మాట. అంటే అడగడానికి దారే లేదు. వైరు ఊడి ఉండొచ్చు, తెగి ఉండొచ్చు, వైఫై ఆగిపోయి ఉండొచ్చు. వాడని వాటి పక్కన ఈ మాట ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కల్వకుర్తి ఇంట్లో అమ్మాయికి కనిపించింది రెండోది... 169.254!

చిరునామా కూడా కౌలుకే

ఇంతకీ ఈ నంబరు ఎవరిస్తారు? ఇంట్లో గోడకు తగిలించిన రౌటరే. కంప్యూటర్ ఆన్ కాగానే ‘‘ఇక్కడ చిరునామాలు ఇచ్చే పెద్దమనిషి ఎవరు?’’ అని కేక వేస్తుంది. రౌటర్ విని ‘‘ఈ నంబరు ఖాళీగా ఉంది, తీసుకుంటావా?’’ అంటుంది. ‘‘అదే ఇప్పించండి’’ అంటుంది కంప్యూటర్. ‘‘సరే, రాసుకున్నా’’ అంటుంది రౌటర్. కంప్యూటర్ మొదటిసారి చేరేటప్పుడు ఈ నాలుగు మాటలూ క్షణాల్లో జరిగిపోతాయి. ఈ పద్ధతి పేరే డీహెచ్‌సీపీ.

ఇలా ఇచ్చిన నంబరు శాశ్వతం కాదు. చేను కౌలుకిచ్చినట్టు కొంతకాలానికే ఇస్తారు. మామూలుగా ఆ గడువు సగం గడవగానే కంప్యూటర్ ‘‘ఇంకొన్నాళ్లు పొడిగించండి’’ అని అడుగుతుంది. రౌటర్ సరేనంటే అదే నంబరు కొనసాగుతుంది. ఆఖరుదాకా జవాబు రాకపోతే కౌలు రద్దు. నిన్నటిదాకా బాగా నడిచిన నెట్ ఈ రోజు ఉన్నట్టుండి ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఒకప్పుడు ఈ సుఖం లేదు. ఏ కంప్యూటర్‌కి ఏ నంబరో పెద్ద సంస్థల్లో జాబితా రాసుకుని, ఒక్కోదానికీ చేత్తో టైపు చేసేవారు. ఒకే నంబరు పొరపాటున ఇద్దరికి ఇస్తే తగువే! 1985లో బూట్‌పీ అనే పద్ధతి వచ్చింది కానీ, దానికీ ముందుగా జాబితా రాసిపెట్టాల్సిందే. నంబర్లను కౌలుకిచ్చి తిరిగి తీసుకునే డీహెచ్‌సీపీ 1993 అక్టోబరులో వచ్చింది. దాన్ని రూపొందించడంలో ముఖ్యుడు అమెరికాలోని బక్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్. 1997 మార్చిలో సవరించిన రూపమే ఇళ్లలోని రౌటర్లకు నేటికీ ఆధారం.

మరి 192.168 అన్ని ఇళ్లలోనూ ఒకేలా ఉంటే నెట్‌లో గందరగోళం కాదా? కాదు. ఇంటి నంబరు 2-35 ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, ఊరి పేరు కలిస్తేనే అది ఫలానా ఇల్లవుతుంది. ఇదీ అంతే. ఈ పాతరకం చిరునామాలు మొత్తం 429 కోట్లే. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. అందుకే ఇంట్లో మాత్రమే చెల్లే నంబర్లను 1994లో విడిగా కేటాయించారు. ఆ ముందుచూపు మంచిదే అయింది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయి నిల్వలోని ఆఖరి వాటాలు కూడా పంచేశారు.

169.254 సంగతేమిటి?

రౌటర్ పలకనప్పుడు విండోస్ చేతులు ముడుచుకుని కూర్చోదు. 169.254తో మొదలయ్యే నంబరొకటి తనకు తానే పెట్టుకుంటుంది. విండోస్ 98తో మొదలైన ఏర్పాటిది. ఒకే వైరు మీదున్న రెండు కంప్యూటర్లు ఆ నంబర్లతో ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు కానీ, బయటి నెట్‌లోకి పోలేవు. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఇల్లు దొరికేదాకా అరుగు మీద పడుకున్నట్టన్నమాట! అక్కడి నుంచే మధ్యమధ్యలో మళ్లీ కేక వేస్తూ ఉంటుంది. రౌటర్ పలికితే అసలు చిరునామా దానంతటదే వచ్చేస్తుంది.

కాబట్టి 169.254 కనిపిస్తే భయపడాల్సింది లేదు. అది మంచి ఆనవాలు. కంప్యూటర్ బతికే ఉంది, అడుగుతోంది. కేక రౌటర్ దాకా చేరట్లేదా, చేరినా రౌటర్ పలకట్లేదా అన్నదే తేల్చుకోవాలి.

చేను తవ్వొద్దు... కాలువ వెంట నడవాలి

కల్వకుర్తి రైతుకు ఈ పని ఒకరు నేర్పక్కర్లేదు. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతానికి ఎత్తిపోతల పథకం ఉంది. కృష్ణ నీటిని కొల్లాపూర్ వైపు ఎల్లూరు దగ్గర తోడి, జొన్నలబొగడ, గుడిపల్లిగట్టు మీదుగా మూడు మెట్లెక్కించి కాలువల్లో వదులుతారు. చివరి ఆయకట్టులో నీళ్లు రాకపోతే రైతు తన చేను తవ్వుకోడు. కాలువ గట్టెక్కి పైకి నడుస్తాడు. తూము మూసుకుందా, గట్టు తెగిందా, పై నుంచే రావట్లేదా అని ఒక్కో చోటా చూసుకుంటూ పోతాడు.

నెట్ రాలేదని కంప్యూటర్‌ని ఫార్మాట్ చేయడమంటే నీళ్లు రాలేదని చేను తవ్వడమే! ఇక్కడా కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా నడవాలి.

మొదటి అడుగు: రౌటర్‌ని, కంప్యూటర్‌ని రెండింటినీ ఆపాలి. ఒక నిమిషం ఆగి ముందు రౌటర్ ఆన్ చేయాలి. దాని దీపాలు కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలిచ్చి, అప్పుడు కంప్యూటర్ ఆన్ చేయాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ ఇంకా నిద్ర లేవకముందే కంప్యూటర్ కేక వేసి ఉండొచ్చు. చాలా ఇళ్లలో చిక్కు ఇక్కడే విడిపోతుంది.

రెండో అడుగు: ఇంట్లో ఒక ఫోన్ తీసుకుని అదే రౌటర్ వైఫైకి కలిపి చూడాలి. మొబైల్ డేటా ఆపడం మరిచిపోవద్దు. లేదంటే సిమ్ నెట్‌తో పేజీ తెరుచుకుని, వైఫై బాగుందని మోసపోతాం. ఫోన్‌కి నెట్ వస్తే రౌటర్ బాగానే ఉంది. తప్పు రౌటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్యన గానీ, కంప్యూటర్ అమరికల్లో గానీ ఉంది. ఫోన్‌కీ చిరునామా దొరకకపోతే రౌటర్‌నే చూడాలి.

మూడో అడుగు: వైరు. రెండు చివరలా ఊడదీసి ‘టక్’మని చప్పుడయ్యేలా మళ్లీ పెట్టాలి. ఆ ప్లాస్టిక్ నాలుక విరిగితే వైరు పెట్టినట్టే ఉంటుంది, కదిలిస్తే జారుతుంది. రౌటర్ వెనక ఇంకో రంధ్రంలోకి మార్చి చూడాలి. ఉరుములు మెరుపుల తర్వాత ఒక రంధ్రం చచ్చిపోయి మిగతావి పనిచేయడం కొత్తేమీ కాదు. మధ్యలో స్విచ్ అనే చిన్న పెట్టె ఉంటే దాన్ని వదలొద్దు. వైఫై అయితే కంప్యూటర్‌ని రౌటర్ దగ్గరికి తెచ్చి చూడాలి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి.

నాలుగో అడుగు: అదే నల్లటి విండోలో ఐపీకాన్ఫిగ్ తర్వాత ఒక ఖాళీ వదిలి, స్లాష్ గీత పెట్టి, ‘రిలీజ్’ అని ఇంగ్లిషులో కొట్టాలి. పాత కౌలు రద్దవుతుంది. తర్వాత అలాగే ‘రెన్యూ’ అని కొడితే కొత్తగా అడుగుతుంది. నంబరు మారి 192.168 వస్తే పని అయినట్టే. డీహెచ్‌సీపీ సర్వర్‌ని అందుకోలేకపోయానని చెబితే మూడో అడుగులో ఏదో వదిలేశారన్నమాట, లేదా ఐదో అడుగు చూడాలి.

ఐదో అడుగు: అమరికలు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి ఈథర్‌నెట్ లేదా వైఫై వివరాలు తెరిస్తే ‘ఐపీ అసైన్‌మెంట్’ అని ఉంటుంది. దాని పక్కన ‘ఆటోమేటిక్’ అని ఉండాలి. ‘మాన్యువల్’ అని ఉంటే ఎప్పుడో ఎవరో చేత్తో నంబరు పెట్టి వదిలేశారన్నమాట. పాత కనెక్షన్ నంబరు కొత్త రౌటర్ దగ్గర చెల్లకపోవచ్చు. అయితే కొందరు కేబుల్ ఆపరేటర్లు నంబరు చేత్తోనే పెట్టమంటారు. మార్చే ముందు ఉన్నది కాగితం మీద రాసుకోవడం మంచిది.

ఇవన్నీ అయ్యాక కూడా రాకపోతే సెట్టింగ్స్‌లోనే ‘నెట్‌వర్క్ రీసెట్’ ఉంది. అది నెట్‌కి సంబంధించిన అమరికలన్నీ తుడిచి కొత్తగా పెడుతుంది. వైఫై పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి. ఫొటోల జోలికీ, ఫైళ్ల జోలికీ పోదు. ఫార్మాట్ అన్న మాట దీని తర్వాతే!

తప్పు రౌటర్‌దైతే...

ఫోన్లకూ చిరునామా దొరకట్లేదంటే రౌటర్ మొరాయించిందన్నమాట. ఆపి ఆన్ చేసినా పలకకపోతే దాని అడాప్టర్ వైపు చూడాలి. దీపాలు మిణుకు మిణుకుమంటూ మాటిమాటికీ ఆగి వెలుగుతుంటే కరెంటు సరిగా అందట్లేదని అనుమానించాలి.

ఇంట్లో పెళ్లో, పండగో జరిగి చుట్టాలందరూ వైఫైకి కలిస్తే ఇంకో చిక్కు. రౌటర్ దగ్గర పంచడానికి ఉన్న నంబర్లు ఇన్ని అని లెక్క ఉంటుంది. అవి అయిపోతే కొత్తగా వచ్చినవాళ్లకు మొండిచెయ్యే. పాత కౌళ్ల గడువు తీరాలి, లేదా రౌటర్‌ని ఒకసారి ఆపి ఆన్ చేయాలి.

పాత రౌటర్‌ని పారేయడం ఇష్టం లేక పై అంతస్తులో తగిలించేవాళ్లూ ఉన్నారు. రెండూ నంబర్లు పంచడం మొదలుపెడితే ఒక ఊళ్లో ఇద్దరు పట్వారీలు ఉన్నట్టే. ఒకాయన రాసింది ఇంకొకాయనకు తెలియదు. కొన్ని పరికరాలకు నెట్ వస్తుంది, కొన్నింటికి నంబరు వచ్చినా నెట్ రాదు. రెండో దానిలో డీహెచ్‌సీపీ ఆపించాలి.

ఒక్క హెచ్చరిక. రౌటర్ వెనక గుండుసూది పట్టేంత సన్నటి రంధ్రం ఉంటుంది. అది రీసెట్. దాన్ని గుచ్చొద్దు! ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో సహా అన్నీ చెరిగిపోవచ్చు. అప్పుడు చిన్న చిక్కు కాస్తా పెద్దదవుతుంది.

చిరునామా ఉన్నా నెట్ రాకపోతే...

ఇది చాలామంది తికమకపడే చోటు. రౌటరే నంబర్లు పంచే ఇళ్లలో వాటికీ బయటి లైనుకూ సంబంధం లేదు. వీధిలో ఫైబర్ తెగిపోయినా రౌటర్ 192.168 ఇస్తూనే ఉంటుంది. కాబట్టి నంబరు ఉండి ఏ పరికరంలోనూ పేజీ రాకపోతే బయటి లైను చూడాలి. ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ అని ఎల్, ఓ, ఎస్ అక్షరాలున్న చోట ఎర్ర దీపం వెలుగుతుంటే వెలుతురు తీగలో అందట్లేదని అర్థం. 2020 అక్టోబరులో ఎల్లూరు పంప్‌హౌస్ నీట మునిగినప్పుడు కాలువ చివరి రైతు చేయగలిగిందేముంది? ఇదీ అంతే. ఆపరేటర్‌కి ఫోన్ చేయడమే మన పని. అలా కాక 169.254 ఉంటే ఆపరేటర్‌ని తిట్టే ముందు ఇంట్లో వెతకాలి.

దీనికో మినహాయింపు ఉంది. రౌటర్ లేకుండా ఆపరేటర్ వైరు నేరుగా కంప్యూటర్‌కే పెట్టిన ఇళ్లలో నంబరు ఆపరేటర్ నుంచే రావాలి. కొందరు ఆపరేటర్లు ఒక్కో కంప్యూటర్ గుర్తును తమ దగ్గర నమోదు చేసుకుంటారు. కొత్త కంప్యూటర్ కొన్నా, లోపలి కార్డు మార్చినా వాళ్లకు చెబితేనే నంబరు ఇస్తారు.

వైరు దొరికింది!

ఇక కల్వకుర్తి ఇంటికి వద్దాం. నాయన ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, దుకాణంలో వైఫైకి కలిపి చూశారు. పేజీ చక్కగా వచ్చింది. రౌటర్ మంచిదే. కింది నుంచి పైకి నడిచారు. మెట్ల దగ్గర స్విచ్ పెట్టె ఉంది. అందులోంచి కంప్యూటర్‌కి పోయే వైరు దగ్గర దీపం వెలుగుతోంది. అందుకే ‘మీడియా డిస్‌కనెక్టెడ్’ అని రాలేదు. కంప్యూటర్ కేక స్విచ్ దాకా చేరుతోంది. మరి స్విచ్ నుంచి రౌటర్‌కి పోయే వైరు? దాని దగ్గర దీపం లేదు!

ఆ వైరు పట్టుకుని మళ్లీ కిందికి వచ్చారు. మధ్యాహ్నం వానకు బల్ల జరిపారు కదా, రౌటర్ వెనక వైరు సగం బయటికి జారి ఉంది. ప్లాస్టిక్ నాలుక ఎప్పుడో విరిగింది. లోపలికి నొక్కి పట్టుకోగానే రౌటర్ దీపం వెలిగింది.

‘‘వచ్చింది నాయనా! 192.168 వచ్చింది!’’ పైనుంచి కేక.

‘‘గింత దానికేనా సీపీయూ మోస్కరమ్మన్నది!’’ అని నాయన నవ్వి, వైరు జారకుండా టేపు చుట్టారు. చివర కొత్త కనెక్టర్ వేయించడం రేపటి పని. అమ్మాయి కాగితం చూసుకుంటూ ఆప్షన్లు ఒక్కొక్కటే పెట్టింది. వరస సరిచూసుకుని సేవ్ చేసింది. గడువుకి ఇంకా టైముంది.

గుర్తుంచుకోండి!

* 169.254 ఉంటే కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య చూడాలి. 192.168 ఉండి ఎక్కడా నెట్ రాకపోతే బయటి లైను చూడాలి.

* గడువు ముంచుకొస్తుంటే ముందు పని కానివ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే సిమ్ నెట్ కంప్యూటర్‌కి వస్తుంది. ఆ తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.

* ఉరుములు మొదలవకముందే రౌటర్ కరెంటు ప్లగ్గుతో పాటు కంప్యూటర్ నెట్ వైరు కూడా తీసేయాలి.

* మెకానిక్ ఫార్మాట్ అంటే ‘‘ఐపీ అడ్రస్ ఎంతుంది?’’ అని ఒక్క మాట అడగండి. ఆయన ముందు అదే చూడాల్సి వస్తుంది!